జర్మనీలో ఏడాది వాలంటీర్‌గా ఉండటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హనుమకొండ. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది జర్మనీలో, మ్యూన్‌స్టర్ నగరానికి బస్సులో నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో, వృద్ధుల కేర్ హోమ్‌లో వాలంటీర్‌గా పనిచేశాను. తిరిగొచ్చినప్పటి నుంచి చుట్టాల పిల్లలు, వాళ్ళ స్నేహితులు, ఆ స్నేహితుల తల్లులు ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ పది నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను. వీసా రూల్స్, డబ్బు లెక్కలు ఏటా మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు కాన్సులేట్ వాళ్ళ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

అసలు ఇదేంటి? చదువా, ఉద్యోగమా?

రెండూ కాదు. జర్మనీలో స్కూలు అయిపోయిన పిల్లలు చాలామంది ఒక ఏడాది ఆసుపత్రిలోనో, కిండర్‌గార్టెన్‌లోనో, వికలాంగుల కేంద్రంలోనో పనిచేస్తారు. దీనికి 1964 నుంచి చట్టం ఉంది. దాన్ని ఎఫ్‌ఎస్‌జే, అంటే స్వచ్ఛంద సామాజిక సేవా సంవత్సరం అంటారు. ఇలాంటిదే రెండో పథకం బీఎఫ్‌డీ, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే వాలంటీర్ సేవ. ఒకప్పుడు అక్కడ మగపిల్లలు తప్పనిసరిగా సైన్యంలో చేరాలి, లేదంటే దాని బదులు ఇలాంటి చోట్ల సేవ చేయాలి. 2011లో ఆ నిర్బంధాన్ని నిలిపేశారు. ఆసుపత్రుల్లో, హోముల్లో ఒక్కసారిగా చేతులు తక్కువయ్యాయి. ఆ లోటు పూడ్చడానికి అదే ఏడాది జులైలో బీఎఫ్‌డీ మొదలుపెట్టారు. మొత్తం మీద ఏటా సుమారు లక్ష మంది చేస్తారు. విదేశీయులు కూడా చేయొచ్చు. మనం వెళ్ళేది ఈ దారిలోనే.

నాకు అర్హత ఉందా? ఏజెంట్‌కి ఎంత కట్టాలి?

ఎఫ్‌ఎస్‌జేకి 27 నిండకూడదు. బీఎఫ్‌డీకి పై వయసు పరిమితి లేదు. మామూలుగా ఏడాది, ఎక్కువలో ఎక్కువ ఏడాదిన్నర.

ఏజెంట్‌కి ఎంత కట్టాలంటే, సున్నా. కారితాస్, డియాకోనీ, జర్మన్ రెడ్ క్రాస్ లాంటి సంస్థలు వాలంటీర్లను తీసుకుంటాయి. ఈ సంస్థలను అక్కడ ట్రేగర్ అంటారు. నేరుగా వాళ్ళకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా బ్యాచ్‌లో మన దేశం నుంచే వచ్చిన ఒకబ్బాయి మూడు లక్షలు కట్టి వచ్చాడు. అతనికీ నాకూ వచ్చింది ఒకటే కాంట్రాక్టు, ఒకటే పాకెట్ మనీ. నాకు అయిన ఖర్చు వీసా, విమానం టికెట్, భాష పరీక్ష ఫీజు మాత్రమే. కాంట్రాక్టు చేతికి రావడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. నలభై మెయిళ్ళు పెడితే ఆరింటికి జవాబొచ్చింది.

నెలకి ఎంత ఇస్తారు? ఇంటికి పంపొచ్చా?

దీన్ని జీతం అనరు, పాకెట్ మనీ అంటారు. 2025లో దాని చట్టబద్ధమైన గరిష్ఠం 644 యూరోలు. కానీ చేతికి వచ్చేది చాలాచోట్ల అంతకంటే బాగా తక్కువ. కొన్నిచోట్ల గది ఇస్తారు, కొన్నిచోట్ల మధ్యాహ్నం భోజనం పెడతారు, కొన్నిచోట్ల ఏమీ ఇవ్వరు. కాబట్టి కాంట్రాక్టులో చూడాల్సింది అంకె కాదు, గది ఉందా లేదా అన్నది. ఆరోగ్య ఇన్సూరెన్స్‌తో సహా సోషల్ ఇన్సూరెన్స్ అంతా వాళ్ళే కడతారు.

ఇంటికి పంపడం గురించి ఆలోచించకండి. అప్పు చేసి వెళ్ళి, అక్కడి నుంచి తీర్చేద్దామనుకుంటే నెల తిరక్కుండానే టెన్షన్ మొదలవుతుంది.

జర్మన్ ఎంత రావాలి?

కాగితం మీద ఏ2 స్థాయి చాలని కొందరు, దాని పై మెట్టు బీ1 కావాలని కొందరు అంటారు. నా సలహా బీ1. హైదరాబాద్‌లో గోతే సెంత్రుమ్ ఉంది. నేను అక్కడే నేర్చుకుని పరీక్ష రాశాను. మంచి మార్కులే వచ్చాయి. తీరా అక్కడ దిగాక మొదటి రోజు ఎనభై ఏడేళ్ళ ముసలాయన పళ్ళసెట్టు లేకుండా, వాళ్ళ పల్లె యాసలో ఏదో అడిగితే ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వాను. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ నవ్వాను. ఆయన అడిగింది బాత్రూమ్‌కి తీసుకెళ్ళమని. ఆ నవ్వు ఖరీదు ఒక జత ప్యాంటు, ఒక దుప్పటి, నాకు రెండు రాత్రుల నిద్ర. అర్థం కాకపోతే కాలేదని చెప్పడం మొట్టమొదట నేర్చుకోండి.

ఇంకో సంగతి, తల ఊపడం. మనం "సరే" అన్నట్టు తల అటూ ఇటూ ఆడిస్తాం చూడండి, అది వాళ్ళకి "వద్దు" లాగా కనిపిస్తుంది. రెండు వారాల పాటు నా ముందు నుంచి కేకు ప్లేటు వెళ్ళిపోతూనే ఉంది. నాకేమో వీళ్ళు పెట్టడానికి అడిగి తీసుకుపోతారేంటి అని కోపం. చివరికి కిచెన్‌లో పనిచేసే ఆవిడ ఆగి, "అవునా, కాదా, నోటితో చెప్పు" అంది.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి?

చిన్న కుకర్, పోపు డబ్బా, కారం, పచ్చళ్ళు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన ఏ స్వీటూ పెట్టకండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. పచ్చి కరివేపాకు కూడా అంతే. విచిత్రంగా కొబ్బరికాయకి అడ్డు లేదు. స్వెటర్లు ఇక్కడ కొనకండి, మన స్వెటర్ అక్కడి నవంబర్‌కే చేతులెత్తేస్తుంది. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో మంచి కోట్లు చవగ్గా దొరుకుతాయి.

రోజంతా ఏం పని ఉంటుంది?

పొద్దున షిఫ్టు ఆరున్నరకి. ఆరున్నర అంటే యూనిఫాం వేసుకుని టేబుల్ దగ్గర కూర్చుని ఉండటం, గేటు లోపలికి రావడం కాదు. నేను మొదటి వారం ఆరూ ముప్పై నాలుగుకి వెళ్ళి "నాలుగు నిమిషాలే కదా" అన్నాను. నైట్ డ్యూటీ చేసిన నర్సు ఏమీ అనకుండా గోడ గడియారం వైపు చూసి కోటు తొడుక్కుంది. ఆమె బస్సు ఆరూ ముప్పై ఆరుకట. తర్వాతిది గంటకి.

బ్రెడ్డుకి వెన్న రాయడం, కాఫీ పోయడం, చక్రాల కుర్చీలో తోటలోకి తీసుకెళ్ళడం, పేపర్ చదివి వినిపించడం, బట్టలు మడతపెట్టడం, కొందరికి స్పూన్‌తో తినిపించడం. మింగడం కష్టమైనవాళ్ళకి నీళ్ళలో ఒక పొడి కలిపి చిక్కగా చేసి ఇస్తారు. ఎవరికి ఎంత చిక్కగా అన్నది గోడ మీద పట్టిక ఉంటుంది. అది చూడకుండా ఎవరికీ గ్లాసు ఇవ్వకండి. మందులు, ఇంజెక్షన్లు మన పని కాదు. మనుషులు తక్కువున్న రోజు ఎవరైనా చెప్పినా చేయొద్దు. వాలంటీర్ అంటే అక్కడి ఉద్యోగులకు సాయం, వాళ్ళ బదులు కాదు. ఇది చట్టంలో ఉన్న మాటే.

ఏడాదికి 25 రోజులు సెమినార్లు కూడా ఉంటాయి. పద్దెనిమిదేళ్ళ జర్మన్ పిల్లలతో కలిసి ఒక్కో విడతకి ఒక్కో వారం హాస్టల్లో ఉండి చర్చలు, ఆటలు, గిన్నెలు కడగడం. నాకు భాష వచ్చింది అక్కడే.

స్నానాలు చేయించాలా? ఇంట్లో ఏం చెప్పాలి?

కొన్నిచోట్ల నర్సుల పక్కన ఉండి సాయం చేయాలి. చేయించాలి కూడా. మా అమ్మకి ఈ మాట నాలుగు నెలల తర్వాత చెప్పాను. "ఇక్కడ గ్లాసు తీసి పెట్టవు, అక్కడికి పోయి ఎవరికో కడుగుతున్నవా బిడ్డా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మీరు ముందే చెప్పేయండి.

అక్కడ పిల్లలు తల్లిదండ్రుల్ని హోముల్లో పడేస్తారట కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. అడిగే గొంతులోనే జవాబు కూడా ఉంటుంది. నేనూ ఆ గొంతుతోనే వెళ్ళాను.

మొదట ఒక లెక్క. జర్మనీలో సంరక్షణ అవసరమైన ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా ఇంట్లోనే ఉంటారు. ఎక్కువగా చూసుకునేది కుటుంబమే. 1995 నుంచి దీనికి ప్రత్యేకంగా ఒక ఇన్సూరెన్స్ ఉంది. మనిషికి ఎంత సాయం అవసరమో ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడు ఇస్తారు. ఇంట్లోనే చూసుకుంటుంటే ఆ గ్రేడును బట్టి డబ్బు వస్తుంది. చూసుకునేవాళ్ళకి ఒంట్లో బాగోకపోయినా, ఊరికి వెళ్ళాలన్నా కొన్నాళ్ళు బదులు మనిషిని పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో వల్ల కానప్పుడే చాలామంది హోమ్‌కి వస్తారు.

మా హోమ్‌లో ఒకావిడ దగ్గరికి కూతురు ప్రతి బుధవారం మూడింటికి వచ్చేది. గోళ్ళు తీసి, రంగు వేసి, ఇద్దరూ కాఫీ, కేకు తిని, ఐదింటికి వెళ్ళేది. తల్లికి కూతురి పేరు గుర్తుండేది కాదు. బుధవారం మాత్రం గుర్తుండేది, పొద్దుటి నుంచే చేతులు చాపి చూసుకునేది. ఎవరూ రానివాళ్ళు కూడా ఉన్నారు. క్రిస్మస్‌కి ఒక కార్డు, అంతే. అదీ చూశాను.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చింది మా ఇల్లు. మా నానమ్మ నాలుగేళ్ళు మంచంలో ఉంది. "ఇంట్లోనే ఉంచుకున్నాం, కడుపులో పెట్టుకుని చూసుకున్నాం" అని మా నాన్న, బాబాయిలు గర్వంగా చెప్పుకుంటారు. చూసుకున్నది మా అమ్మ ఒక్కతే. ఆ నాలుగేళ్ళలో అమ్మ మేనమామ కొడుకు పెళ్ళికి కూడా పోలేదు. నానమ్మని పక్కకి తిప్పి తిప్పి అమ్మకి నడుం నొప్పి పట్టుకుంది. అదే పని అక్కడ ఇద్దరు మనుషులు, మనిషిని పైకెత్తే ఒక యంత్రం సాయంతో చేస్తారు, షిఫ్టు కాగానే ఇంటికి వెళ్తారు. పని అయిపోయిన ఆ వేళకి వాళ్ళు ఫైరాబెండ్ అంటారు. వెళ్ళేటప్పుడు ఒకరికొకరు శుభాకాంక్షల్లా చెప్పుకుంటారు. మా అమ్మకి ఆ నాలుగేళ్ళలో ఒక్క ఫైరాబెండ్ లేదు. వాళ్ళని తిట్టాలనిపించినప్పుడల్లా నాకు ఈ లెక్క అడ్డొస్తుంది.

పెద్దవాళ్ళని ఏమని పిలవాలి?

మన మీరు, నువ్వు లాగే వాళ్ళకి జీ, డూ ఉన్నాయి. తోటి ఉద్యోగుల్ని డూ అనొచ్చు. పెద్దవాళ్ళని జీ అని, ఇంటిపేరుకి ముందు ఫ్రావ్ లేదా హెర్ చేర్చి పిలవాలి. వరసలు కలపకండి. ప్రేమగా ఉంటుందని ఒకావిడని "ఓమా", అంటే అమ్మమ్మా, అని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచర్ని. నీ ఓమాని కాదు" అంది. నొచ్చుకున్నాను. మన దగ్గర వరస కలిపితేనే మర్యాద. అక్కడ ఓమా అంటే మనిషిని పేరు లేని ముసలమ్మని చేయడం.

పుట్టినరోజుకి ముందే శుభాకాంక్షలు చెప్పకండి, అపశకునం అనుకుంటారు. కేకు తేవాల్సింది కూడా పుట్టినరోజు ఎవరిదో వాళ్ళే. మధ్యాహ్నం కారిడార్‌లో ఎదురైన ప్రతివాళ్ళూ "మాల్‌త్సైట్" అంటారు. భోజనం వేళ పలకరింపు అది. తిన్నావా అని అడుగుతున్నారనుకుని నేను వారం రోజులు "ఇంకా లేదు" అని జవాబిచ్చాను.

అన్నం దొరుకుతుందా?

బియ్యం, కందిపప్పు, చింతపండు పెద్ద ఊళ్ళలోని ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. వంకాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి, గట్టి పెరుగుకి టర్కీ వాళ్ళ దుకాణం మన పాలిట కల్పవృక్షం. హోమ్‌లో మధ్యాహ్నం వేడి భోజనం, రాత్రికి చల్లటి బ్రెడ్డు, చీజ్. శాకాహారులు "మాంసం తినను" అంటే సరిపోదు, చేప, హ్యామ్, సూప్‌లో ఎముకల రసం ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి.

తాలింపు వేసే ముందు కిటికీ తీయండి. నేను వచ్చిన మూడో రోజు ఎండుమిర్చి వేశాను, గది సీలింగ్‌కున్న పొగ అలారం కూసింది. పక్క గది అమ్మాయి తడి జుట్టుతో బయటికి పరుగెత్తింది. తర్వాత ఆ అమ్మాయే ప్రతి శుక్రవారం పప్పు తినడానికి వచ్చేది.

చెత్త గురించి అంత భయపెడతారెందుకు?

భయపడాల్సినదే. కాగితం ఒక డబ్బా, ప్లాస్టిక్ ప్యాకింగ్ పసుపు సంచి, కూరగాయల తొక్కలు ఒకటి, మిగతాది ఒకటి. గాజు సీసాలు రంగుల వారీగా వీధి చివర డబ్బాల్లో, అదీ ఆదివారం కాదు, చప్పుడవుతుంది. ఆదివారం దుకాణాలు మూత. శనివారం సాయంత్రం పాలు కొనడం మర్చిపోతే సోమవారం దాకా నల్ల టీనే. రాత్రి పది తర్వాత వాషింగ్ మెషిన్ వేయకూడదు.

ప్లాస్టిక్ వాటర్ బాటిల్ కొంటే పావు యూరో డిపాజిట్ ఉంటుంది. ఖాళీ బాటిల్ సూపర్‌మార్కెట్ మెషిన్‌లో పెడితే తిరిగిస్తుంది. దాన్ని ఫాండ్ అంటారు. నలిపి పారేయకండి.

భారతీయ సంస్కృతి గురించి ప్రోగ్రాం చేయమంటారా?

అంటారు. నేను తాజ్‌మహల్, ఏనుగులు, చీరలతో స్లైడ్లు చేసుకెళ్ళాను. పదిహేను నిమిషాల్లో సగం మంది నిద్రపోయారు. మిగిలిన సగం అడిగింది ఒకటే ప్రశ్న, "మీ ఊళ్ళో వాన ఎప్పుడు పడుతుంది?"

అక్టోబర్‌లో సద్దుల బతుకమ్మ నాడు ఊరికే ఉండలేక నా కోసమే చేసుకుందామనుకున్నాను. ఊరి బయట ఒక పూల పొలం ఉంది. కాపలా ఎవరూ ఉండరు. ఒక కత్తి, ధరల పలక, డబ్బులు వేయడానికి ఇనప డబ్బా, అంతే. కోసుకున్నన్ని కోసుకుని లెక్కకట్టి వేసి రావాలి. తంగేడు లేదు, గునుగు లేదు. డాలియాలు, పొద్దుతిరుగుడు, ఊదా రంగు ఆస్టర్లు తెచ్చాను. హోమ్ తోటలో గుమ్మడి ఆకు దొరికింది. డైనింగ్ హాల్లో పేపర్ పరిచి కూర్చుని పేరుస్తుంటే ముందు లెక్కల టీచర్ వచ్చింది. వరస వంకరగా ఉందని చెప్పి, తనే కాడలన్నీ ఒకే పొడవుకి కత్తిరించడం మొదలుపెట్టింది. కాసేపటికి చక్రాల కుర్చీలు ఏడు చేరాయి. చిన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉన్న సైలీషియా నుంచి రైల్లో పంపేస్తే ఈ ఊరికి వచ్చిన ఒకావిడ ఉండేది, ఎప్పుడూ మాట్లాడదు. ఆవిడ ఒక డాలియాని పట్టుకుని, వాళ్ళ అమ్మ కంచె పక్కన ఇవే వేసేదని, రైలెక్కేటప్పుడు దుంపలు తవ్వుకోవడానికి టైమివ్వలేదని చెప్పింది. అక్కడ పదేళ్ళుగా పనిచేస్తున్న నర్సు కూడా ఆ మాట వినడం అదే మొదటిసారట.

నేను పాడుతూ చుట్టూ తిరిగాను, వాళ్ళు కూర్చుని చప్పట్లు కొట్టారు. చివర్లో నీళ్ళలో వదలాలంటే చెరువెక్కడిది? తోటమాలి వాన నీళ్ళు పట్టే పెద్ద పీపా చూపించాడు. అందులోనే వదిలాం. మర్నాడు అతనే పూలన్నీ తీసి, ఆకులు వేసే డబ్బాలో వేసి, పళ్ళెం కడిగి నా గది ముందు పెట్టాడు. స్లైడ్ల గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు. బతుకమ్మ గురించి మాత్రం, వచ్చే ఏడాదికి గునుగు విత్తనాలు తెప్పించమని టీచర్ మార్చి దాకా గుర్తుచేస్తూనే ఉంది.

రంగు వల్ల చిన్నచూపు ఉంటుందా?

ఉంటుంది, తక్కువే కానీ ఉంటుంది. మతిమరుపు జబ్బున్న ఒకాయన నన్ను ముట్టుకోనివ్వలేదు, అన్న మాట ఇక్కడ రాయను. సీనియర్ వచ్చి నన్ను వేరే అంతస్తుకి మార్చి, సాయంత్రం కూర్చోబెట్టి మాట్లాడింది. బస్సులో ఒకసారి ఇంకొకడు అన్నాడు, ఎవరూ మాట్లాడలేదు. జబ్బు మనిషి మాట రెండు రోజుల్లో మర్చిపోయాను. బస్సులో అందరి మౌనం మర్చిపోలేదు. ఏది జరిగినా రాసిపెట్టుకుని మీ ట్రేగర్‌లో మీ బాధ్యత చూసే మనిషికి చెప్పండి.

చలికాలం, ఒంటరితనం?

చలి కన్నా చీకటి కష్టం. డిసెంబర్‌లో ఎనిమిదిన్నరకి తెల్లారుతుంది, నాలుగుంపావుకల్లా పొద్దు పోతుంది. మనకీ వాళ్ళకీ తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. అంటే డ్యూటీ అయ్యి, వండుకుని తిని ఫోన్ తీసేసరికి ఇంట్లో అందరూ పడుకుంటారు. వారానికి ఒక రోజు టైమ్ పెట్టుకుని మాట్లాడటం మేలు. ఊళ్ళో ఏదో ఒక సంఘంలో చేరండి, పాటలో, టేబుల్ టెన్నిసో. అక్కడ స్నేహాలు ఇంటి గడపలో కాదు, సంఘాల్లో మొదలవుతాయి.

జబ్బు చేస్తే?

షిఫ్టుకి ముందే ఫోన్ చేసి చెప్పాలి. రాత్రిపూట, సెలవు రోజుల్లో డాక్టర్ కావాలంటే 116117, ప్రాణం మీదికొస్తే 112. జ్వరానికి వెంటనే యాంటీబయాటిక్ రాస్తారని ఆశపడకండి. టీ తాగి పడుకోమంటారు. నాకు అలాగే తగ్గింది, ఒప్పుకోవాలి.

ఏడాది అయ్యాక అక్కడే ఉండిపోవచ్చా?

ఇది ఉద్యోగానికి దొడ్డిదారి కాదు. అయితే మూడేళ్ళ నర్సింగ్ శిక్షణకి, అంటే ఆస్‌బిల్డుంగ్‌కి, చాలామంది ఇదే హోముల్లో సీటు తెచ్చుకుంటారు. భాష బాగా రావాలి, పని నచ్చాలి, వీసా మళ్ళీ వేరే. నాకు పని నచ్చింది, అయినా వచ్చేశాను. మా అమ్మ నడుం ఆపరేషన్ అప్పుడే పడింది.

వచ్చేసే ముందు ఏం చూసుకోవాలి?

వెళ్ళగానే రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకుంటారు కదా, వచ్చేటప్పుడు అది రద్దు చేసుకోవాలి. ఫోన్ కాంట్రాక్టు, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్ ఒక్కొక్కదానికీ విడిగా ఉత్తరం రాయాలి, ఊరికే మానేస్తే బిల్లులు వస్తూనే ఉంటాయి. పనిచేసినట్టు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మంచం కింద ఖాళీ బాటిళ్ళు మర్చిపోకండి. నావి 47 తేలాయి, 11 యూరోల 75 సెంట్లు. ఆ డబ్బుతో టీచర్‌కి ఒక డాలియా దుంప కొనిచ్చాను, అది ఎంత లోతులో పాతాలో కూడా ఆవిడే నాకు చెప్పింది.